తెలుగు మీడియం వాళ్లకు ఇడియమ్స్‌లో మార్కులు ఎలా వస్తాయి: గుంటూరులో నా ప్రిపరేషన్

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే సీజీఎల్, సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్షలు రాసే మనవాళ్లు, ముఖ్యంగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు, ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ముందు వదిలేసేది ఇడియమ్స్‌నే, అంటే పైకి కనిపించే మాటలకు వేరే అర్థం ఉండే నానుడులనే. "గ్రామర్‌కైతే రూల్స్ ఉన్నాయి, ఇడియమ్స్‌కి ఏమున్నాయి? తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు" అనే మాట బ్రాడీపేట, అరండల్‌పేట హాస్టళ్లలో ఏ గదిలో కూర్చున్నా వినిపిస్తుంది. ఆ మాటను నేను ఒప్పుకోను. ఇంగ్లిష్ సెక్షన్ మొత్తంలో మన కష్టానికి తగ్గ ఫలితం ఖాయంగా ఇచ్చే భాగం ఇడియమ్సే. ఎందుకలా అంటున్నానో, నేను ఎలా చదివానో ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కొంతైనా పనికొస్తే చాలు.

కాంప్రహెన్షన్ ప్యాసేజ్ వేగంగా చదవాలంటే చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ చదివిన అలవాటు ఉండాలి. ఎర్రర్ స్పాటింగ్‌లో వాక్యం వినగానే ఎక్కడో తేడా ఉందని చెవికి తెలియాలి. ఈ రెండింటిలో కాన్వెంట్‌లో చదివినవాళ్లు మనకంటే ముందుంటారు, అది నిజం. ఇడియమ్స్‌లో అలా కాదు. 'ఎట్ సిక్సెస్ అండ్ సెవెన్స్' అంటే అంతా గందరగోళంగా, చిందరవందరగా ఉండటం. ఈ మాటను విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పెద్ద స్కూల్లో చదివిన అమ్మాయి ఇంట్లోనూ ఎవరూ వాడరు, పల్నాడులో జిల్లా పరిషత్ స్కూల్లో చదివిన అబ్బాయి ఇంట్లోనూ వాడరు. ఇద్దరూ కూర్చుని నేర్చుకోవాల్సిందే. ఎవరు ఎక్కువసార్లు రివిజన్ చేస్తే వాళ్లదే మార్కు. మన దగ్గర డబ్బు లేకపోవచ్చు, స్పోకెన్ ఇంగ్లిష్ రాకపోవచ్చు, కానీ కూర్చుని చదివే ఓపిక ఉంది. ఆ ఓపికకు విలువ దొరికే చోటును వదులుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మార్కుల లెక్క కూడా చూడండి. సీజీఎల్ మొదటి దశ అయిన టైర్-1లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, గంట సమయం. అందులో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. టైర్-2 మొదటి పేపర్లో ఇంగ్లిష్‌కి 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు పోతుంది. ఇడియమ్స్ షిఫ్ట్‌ని బట్టి రెండు మూడు రావచ్చు, టైర్-2లో ఇంకొంచెం ఎక్కువ రావచ్చు. "రెండు ప్రశ్నల కోసం ఇంత చదవాలా" అని అడిగేవాళ్లున్నారు. చదవాలి. ఇడియమ్ తెలిస్తే జవాబు పెట్టడానికి పది సెకన్లు కూడా పట్టదు. మిగిలిన సమయం మ్యాథ్స్‌కి వెళ్తుంది. గంటలో వంద ప్రశ్నలు చేయాల్సిన పరీక్షలో ఆ సమయం విలువ మాక్ టెస్టులు రాసే అందరికీ తెలుసు.

ఇక ఎక్కడి నుంచి చదవాలి? విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో తిరిగితే వేల ఇడియమ్స్ ఉన్న లావుపాటి పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. అవి కొనొద్దని చెప్పను, రెఫరెన్స్‌కి బాగుంటాయి. కానీ ఏ నుంచి జడ్ దాకా వరసగా బట్టీ పట్టడం మొదలుపెడితే 'బి' దాటేలోపే 'ఏ' మర్చిపోతాం. నేను ప్రీవియస్ పేపర్లతో మొదలుపెట్టాను. ఎస్‌ఎస్‌సీ ఇడియమ్స్‌ని మళ్లీ మళ్లీ అడుగుతుంది. సీజీఎల్‌లో వచ్చింది సీహెచ్‌ఎస్‌ఎల్‌లో, అక్కడ వచ్చింది ఎస్‌ఎస్‌సీదే ఇంకో పరీక్ష అయిన ఎంటీఎస్‌లో కనిపిస్తుంది. పేపర్లు తిరగేస్తూ ఇడియమ్ కనిపించినప్పుడల్లా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించాను. ఒక దశ దాటాక కొత్త పేపర్ తీసినా అందులోవి చాలావరకు నోట్‌బుక్‌లో ఉన్నవే. అక్కడి నుంచి ధైర్యం వచ్చింది.

నోట్‌బుక్‌లో అర్థాన్ని తెలుగులో మాత్రమే రాసుకుంటే సరిపోదు. ఇది చాలా ముఖ్యం. ఆప్షన్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి కదా. 'బరీ ద హాచెట్' అంటే గొడవ మానేసి రాజీ పడటం అని మనకు తెలుసు, కానీ ఆప్షన్‌లో 'రీకన్సైల్' అని ఇస్తే, ఆ మాట తెలియక వదిలేస్తాం. అందుకే నేను ఒక్కో ఇడియమ్ పక్కన తెలుగు అర్థం ఒక ముక్కలో రాసి, కింద పాత పేపర్లో కరెక్ట్ ఆప్షన్‌గా ఏ మాటలు ఇచ్చారో అవే రాసేవాణ్ని. 'కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్' కింద ఫ్రాంక్, ఔట్‌స్పోకెన్. 'ఎట్ లాగర్‌హెడ్స్' కింద డిస్‌అగ్రీమెంట్, క్వారల్. ఇలా చేస్తే సినానిమ్స్ కోసం వేరే చదవాల్సిన పని కూడా సగం తగ్గుతుంది.

అసలు గుర్తుండటానికి నాకు అన్నిటికంటే ఎక్కువ సాయం చేసినవి వాటి వెనుక కథలు. చరిత్రలో నిజంగా జరిగిన సంఘటనల నుంచి పుట్టిన ఇడియమ్స్ చాలా ఉన్నాయి. వీటన్నిటినీ ఒకచోట పెట్టుకుని చదివితే జనరల్ నాలెడ్జ్‌కి కూడా పనికొస్తుంది. క్రీస్తుపూర్వం 49లో జూలియస్ సీజర్ తన సైన్యంతో ఇటలీ ఉత్తరాన ఉన్న రూబికాన్ అనే చిన్న నది దాటాడు. సైన్యంతో ఆ నది దాటడం రోమ్ చట్టం ప్రకారం నేరం. దాటాక వెనక్కి రావడానికి లేదు, అంతర్యుద్ధమే. అందుకే 'క్రాస్ ద రూబికాన్' అంటే ఇక వెనక్కి తీసుకోలేని నిర్ణయం తీసుకోవడం. 1815 జూన్ 18న వాటర్లూ దగ్గర నెపోలియన్ ఓడిపోయాడు, ఆ తర్వాత మళ్లీ లేవలేదు. 'మీట్ వన్స్ వాటర్లూ' అంటే అలా కోలుకోలేని చివరి ఓటమి. క్రీస్తుపూర్వం 279లో ఎపిరస్ రాజు పిర్రస్ ఆస్క్యులం దగ్గర రోమన్ల మీద గెలిచాడు, కానీ తన సైన్యంలో చాలామందిని పోగొట్టుకున్నాడు. ఇంకొక్కసారి ఇలా గెలిస్తే మనం నాశనమైపోతామని ఆయన అన్నట్టు ప్లూటార్క్ రాశాడు. 'పిర్రిక్ విక్టరీ' అంటే నష్టమే ఎక్కువైన గెలుపు. ఈ మూడింటినీ కలిపి చదివితే ఒకటి నిర్ణయం, ఒకటి ఓటమి, ఒకటి గెలుపు. ఇక ఒకదానితో ఒకటి కలిసిపోయే అవకాశమే ఉండదు.

'కట్ ద గోర్డియన్ నాట్' అలెగ్జాండర్ పేరు మీద ఉంది. ఎవరూ విప్పలేని ముడిని కత్తితో ఒక్క వేటుకు కోసేశాడని కథ, చిక్కు సమస్యను ధైర్యంగా, సూటిగా తేల్చేయడం అర్థం. 'హాబ్సన్స్ చాయిస్' నాకు బాగా ఇష్టం. కేంబ్రిడ్జ్‌లో థామస్ హాబ్సన్ అనే ఆయన గుర్రాలు అద్దెకు ఇచ్చేవాడు, 1631లో చనిపోయాడు. ఎవరొచ్చినా తలుపుకు దగ్గరగా ఉన్న గుర్రమే తీసుకోవాలి, లేదంటే ఏదీ లేదు. కాబట్టి చాయిస్ అనే మాట ఉన్నా, నిజానికి ఎంచుకోవడానికి ఏమీ లేని పరిస్థితి అని అర్థం. ఈ ఇడియమ్‌కి ఆప్షన్లలో 'చాలా మంచి ఎంపిక' అనే అర్థం వచ్చేది తప్పకుండా పెడతారు. కథ తెలిసినవాళ్లు అటు చూడరు కూడా.

'స్టీల్ సమ్‌వన్స్ థండర్' కథ కూడా ఇంతే. 1709లో జాన్ డెన్నిస్ అనే నాటక రచయిత లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో తన నాటకం కోసం ఉరుము శబ్దం చేసే కొత్త పద్ధతి తయారు చేశాడు. నాటకం ఆడలేదు, తీసేశారు. కొద్ది రోజులకే అదే థియేటర్‌లో ఇంకో నాటకంలో తన ఉరుమునే వాడుతుంటే విని, నా నాటకం ఆడనివ్వరు గానీ నా ఉరుము మాత్రం దొంగిలిస్తారా అని మండిపడ్డాడట. ఇంకొకరికి రావాల్సిన పేరును మనం ముందే కొట్టేయడం అని అర్థం. 'రీడ్ ద రయట్ యాక్ట్' అంటే గట్టిగా మందలించడం. 1715లో బ్రిటన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం పన్నెండు మంది లేదా అంతకంటే ఎక్కువ మంది గొడవగా గుమిగూడితే అధికారి వచ్చి గుంపు ముందు ఒక ప్రకటన చదివేవాడు, గంటలోపు చెదిరిపోకపోతే కఠిన శిక్ష. ఇక్కడ 'రీడ్' అని ఉందని చదవడానికి సంబంధించిన ఆప్షన్ పెట్టకూడదు.

సముద్రం నుంచి వచ్చినవి ఇంకో గుంపు. ఇంగ్లండ్ ద్వీపం, వాళ్ల బతుకంతా ఓడలతోనే, కాబట్టి ఓడ మాటలు వాళ్ల భాషలో బాగా కలిసిపోయాయి. 'లెర్న్ ద రోప్స్' అంటే పని మెళకువలు నేర్చుకోవడం, తెరచాప ఓడ మీద ఏ తాడు దేనికో తెలియాలి కదా. 'షో వన్స్ ట్రూ కలర్స్'లో కలర్స్ అంటే ఓడ జెండా, అసలు స్వభావం బయటపెట్టడం అని అర్థం. 'బై అండ్ లార్జ్' కూడా ఓడ నడిపేవాళ్ల మాటే, మొత్తం మీద అని అర్థం. 'హై అండ్ డ్రై' అంటే ఎవరి సాయమూ లేకుండా మధ్యలో వదిలేయబడటం. ఆటుపోట్లలో నీళ్లు వెనక్కి పోతే ఓడ ఇసుక మీదే ఉండిపోతుంది. సూర్యలంక వెళ్లి తీరంలో ఇసుక మీద ఆగిన పడవలను చూసినవాళ్లకు ఇది మర్చిపోదామన్నా మరుపు రాదు. 'టర్న్ టర్టిల్' అంటే పడవో బండో తలకిందులు కావడం.

రంగుల గుంపును త్వరగా పూర్తి చేయొచ్చు. 'రెడ్ టేప్' అంటే ఫైళ్లు కదలనివ్వని ఆఫీసు తతంగం, పూర్వం బ్రిటన్‌లో ప్రభుత్వ కాగితాలను ఎర్ర నాడాతో కట్టేవాళ్లు. 'రెడ్ లెటర్ డే' అంటే గుర్తుండిపోయే ముఖ్యమైన రోజు, చర్చి క్యాలెండర్లలో పండుగ రోజులను ఎర్ర అక్షరాలతో వేసేవాళ్లు, మన గోడ క్యాలెండర్లలో ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. 'రెడ్ హెరింగ్' దృష్టి మళ్లించే విషయం. 'ఇన్ ద రెడ్' నష్టాల్లో, 'ఇన్ ద బ్లాక్' లాభాల్లో. దీని పక్కనే 'ఇన్ బ్లాక్ అండ్ వైట్' రాసుకోండి, అది రాతపూర్వకంగా అని అర్థం, లాభనష్టాలతో సంబంధం లేదు. 'బ్లూ బ్లడ్' రాజవంశం, ఉన్నత కుటుంబం. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' ఎప్పుడో అరుదుగా. 'వైట్ ఎలిఫెంట్' ఖర్చు తప్ప ఉపయోగం లేని ఆస్తి.

తెలుగులో అచ్చంగా ఉన్నవాటి మీద ఎక్కువ సమయం పెట్టొద్దు. 'బెల్ ద క్యాట్', 'క్రొకడైల్ టియర్స్', 'నిప్ ఇన్ ద బడ్', 'యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్' ఇవన్నీ మనం ఎప్పుడూ అనుకునేవే. 'సిట్ ఆన్ ద ఫెన్స్' అంటే గోడ మీద పిల్లి వాటం, 'బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ' అంటే ముందు నుయ్యి వెనుక గొయ్యి. ఒకసారి చూసి వదిలేయండి. 'క్యారీ కోల్స్ టు న్యూకాజిల్' మాత్రం చాలామంది తప్పు పెడతారు. న్యూకాజిల్ బొగ్గు గనుల ఊరు, అక్కడికి బొగ్గు మోసుకెళ్లడం అంటే గుంటూరు మిర్చి యార్డుకు మనం మిర్చి మోసుకెళ్లినట్టు, దండగ పని. అయితే తెలుగుకు దగ్గరగా కనిపించి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. 'పుల్ సమ్‌వన్స్ లెగ్' అంటే సరదాగా ఆటపట్టించడం. మనం కాళ్లు పట్టి కిందికి లాగడం అంటే పైకి రానివ్వకపోవడం. ఆప్షన్లలో ఆ అర్థం కూడా ఉంటుంది, జాగ్రత్త.

ఒక విషయంలో మాత్రం మిమ్మల్ని గట్టిగా హెచ్చరిస్తాను. కథలు బాగున్నాయని ఫోన్లో కనిపించే ప్రతి కథనూ నమ్మొద్దు. 'రెయిన్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోతగా వర్షం అనేది నిజం. కానీ పాతకాలంలో ఇళ్ల పైకప్పుల మీద నుంచి కుక్కలూ పిల్లులూ జారి పడేవని తిరిగే కథ కల్పితం. మన పరీక్షకు పుట్టుక అక్కర్లేదు, అర్థం చాలు. కథ తెలియని చోట సొంతంగా వాక్యం రాసుకోండి. నేను మా హాస్టల్ మీద, మెస్ మీద, ఇంటి నుంచి వచ్చే ఫోన్ల మీద వాక్యాలు రాసుకునేవాణ్ని. 'మేక్ బోత్ ఎండ్స్ మీట్' అంటే వచ్చే ఆదాయంతో ఎలాగో నెట్టుకురావడం. మా నాన్నగారు కౌలు పొలం మీద ఇల్లు నడిపే తీరు గురించి ఆ ఇడియమ్‌తో వాక్యం రాశాక అది నాకు ఎప్పటికీ మర్చిపోలేని మాట అయింది. 'బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్' (అర్ధరాత్రి దాకా కష్టపడి చదవడం), 'లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్' (ఏ ప్రయత్నమూ వదలకపోవడం) లాంటివి మన జీవితమే కదా, వాటికి బట్టీ ఎందుకు?

ఒకే క్రియతో మొదలయ్యేవి, ఒకే మాట లోపల ఉన్నవి దాదాపు అందరినీ తికమక పెడతాయి. వీటికి నోట్‌బుక్ చివర వేరే పేజీలు పెట్టాను. 'త్రో ఇన్ ద టవల్' అంటే ఓటమి ఒప్పుకోవడం, బాక్సింగ్‌లో ఇక చాలని టవల్ విసురుతారు. 'త్రో డౌన్ ద గాంట్లెట్' దానికి పూర్తిగా ఎదురు, సవాలు విసరడం. యోధులు ఇనుప చేతితొడుగును ఎదుటివాడి ముందు పడేసి పోరుకు పిలిచేవాళ్లు. 'త్రో కోల్డ్ వాటర్ ఆన్' నిరుత్సాహపరచడం. అలాగే 'గెట్ కోల్డ్ ఫీట్' అంటే తీరా చేసే సమయానికి భయపడి వెనక్కి తగ్గడం, 'గివ్ ద కోల్డ్ షోల్డర్' అంటే పట్టించుకోకుండా ముఖం చాటేయడం. 'సీ ఐ టు ఐ' అంటే ఏకాభిప్రాయం, 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం. 'టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్'లో లీఫ్ అంటే పుస్తకంలో పేజీ, మంచి దారికి మారడం అని అర్థం. ఇవి పక్కపక్కనే ఉంటే తేడా కనిపిస్తుంది, వేర్వేరు చోట్ల ఉంటే పరీక్షలో కలిసిపోతాయి.

రివిజన్ చాలావరకు రైల్లోనే అయ్యేది. మాక్ టెస్టుల కోసం నేనూ, మా రూమ్‌లో ఇంకో అబ్బాయీ గుంటూరు నుంచి విజయవాడకు ప్యాసింజర్‌లో వెళ్లేవాళ్లం. గుంటూరులో ఎక్కి నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ దాటేలోపు ఒకరినొకరం అడుక్కునేవాళ్లం. అతను ఇడియమ్ చెబితే నేను దాని అర్థం బదులు దానితో ఒక వాక్యం చెప్పాలి. అర్థం చెప్పడం తేలిక, వాక్యంలో పెట్టడంలోనే అసలు తెలిసిందా లేదా బయటపడుతుంది. చెప్పలేనివి పక్కన టిక్ పెట్టి మర్నాడు మళ్లీ, వారం తర్వాత మళ్లీ. తెలిసినవాటిని పదే పదే చదివితే చదివిన తృప్తి ఉంటుంది గానీ మార్కులు రావు, టిక్ పెట్టినవే చదవాలి. గదిలో ఒంటరిగా కూర్చుంటే టెన్షన్ వచ్చే రోజుల్లో ఈ ప్రయాణం నాకు ఎంతో బలం ఇచ్చింది. తోడుగా చదివే ఒక మనిషిని వెతుక్కోండి.

పరీక్షలో తెలియని ఇడియమ్ వస్తే ముందు చేయాల్సింది మాటలకు సూటిగా అర్థం చెప్పే ఆప్షన్‌ని కొట్టేయడం. 'బరీ ద హాచెట్'కి ఆయుధం దాచిపెట్టడం అనేది ఇస్తారు, అది దాదాపు ఎప్పుడూ తప్పే. తర్వాత వాక్యం ఇచ్చి ఉంటే, వాక్యం మంచి గురించా చెడు గురించా చూడండి. దానికి ఎదురున్న ఆప్షన్ కూడా పోతుంది. ఇక రెండు మిగిలితే పెట్టేయండి. టైర్-1లో రెండింట్లో ఒకటి ఊహిస్తే సగటున 0.75 మార్కు లాభం, టైర్-2లో ఒక మార్కు లాభం. ఏ ఆప్షనూ కొట్టేయలేకపోతే టైర్-2లో ఊహించి లాభం లేదు. మూడు మార్కుల ప్రశ్నకు ఒక మార్కు కోత ఉన్నప్పుడు నాలుగింట్లో గుడ్డిగా ఒకటి పెడితే సగటు సున్నా. అది వదిలేసి ముందుకు వెళ్లండి.

ఇంకొక్క పని చేయమని అడుగుతున్నాను. ఎస్‌ఎస్‌సీ ప్రాథమిక కీ (సరైన జవాబుల జాబితా) విడుదల చేసినప్పుడు మీ ప్రశ్నపత్రం, మీరు పెట్టిన జవాబులు డౌన్‌లోడ్ చేసుకునే లింక్ ఇస్తుంది. అది కొన్ని రోజులే ఉంటుంది. మార్కులు చూసుకుని మూసేయకుండా ఆ పేపర్‌ని సేవ్ చేసి పెట్టుకోండి, ఇడియమ్స్ ప్రశ్నలు నోట్‌బుక్‌లో ఎక్కించండి, మీ హాస్టల్లో వచ్చే ఏడాది రాసేవాళ్లకు కూడా ఇవ్వండి. మాకు అలా ఇచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టే నా నోట్‌బుక్ నిండింది.